ప్రశ్నలు – జవాబులు: లోయ మీద ఇనుప దారి

గత సంచికలో వేల్స్‌లోని క్రమ్లిన్ వయాడక్టు పాత ఛాయాచిత్రం ఒకటి చిన్న వ్యాఖ్యతో ప్రచురించాం. రెండు కొండల నడుమ సాలెగూడు అల్లినట్టున్న ఆ ఇనుప నిర్మాణం మీదుగా రైలు వెళ్తున్న దృశ్యం చాలామందిని ఆకట్టుకున్నట్టుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా దాని గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అంత లోతైన లోయ మీద, అంత ఎత్తున రైలు నడపవలసిన అవసరం ఏమొచ్చింది? లోయలోకి దిగి మళ్ళీ ఎక్కవచ్చు కదా? పైగా రాయి పుష్కలంగా దొరికే కొండ ప్రాంతంలో ఇనుము ఎందుకు వాడారు? — ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

దక్షిణ వేల్స్‌లోని బొగ్గు ప్రాంతపు నేలను చేతివేళ్ళతో పోల్చవచ్చు. వేళ్ళ వంటి కొండలూ వాటి మధ్య సందుల వంటి లోయలూ దాదాపుగా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి. లోయ వెంబడి సముద్రం వైపు రైలు మార్గం వేయడం తేలికే. 1850ల నాటికి అటువంటి మార్గాలు అక్కడ ఉన్నాయి కూడా. అయితే న్యూపోర్ట్, అబర్గవెన్నీ, హెరిఫర్డ్ రైల్వే కంపెనీకి కావలసింది వేరు. అబర్‌డేర్ లోయలో తవ్వే మేలైన ఆవిరి బొగ్గును (ఆవిరి యంత్రాలలో మండించే బొగ్గును) ఓడరేవుకు కాకుండా నేరుగా ఇంగ్లండు మధ్య, ఉత్తర ప్రాంతాలకు చేర్చాలని ఆ కంపెనీ ఆశించింది. అందుకు పాంటీపూల్ నుంచి క్వేకర్స్ యార్డ్ వరకు పడమరకు సాగే మార్గం వేయాలి. అంటే వేళ్ళ మీదుగా అడ్డంగా గీత గీయాలి. ఆ గీతకు అడ్డొచ్చిన వాటిలో అన్నిటికంటే లోతైనది క్రమ్లిన్ దగ్గరి ఎబ్బూ నది లోయ.

ఇక లోయలోకి దిగి ఎక్కడం సంగతి. రైలు చక్రమూ పట్టా రెండూ నున్నని ఇనుమే కాబట్టి వాటి మధ్య పట్టు తక్కువ. ఎడ్లబండి ఎక్కగల వాలులో పదో వంతు వాలు కూడా బరువైన బొగ్గు రైలుకు కష్టమే. 200 అడుగులు దిగి 200 అడుగులు ఎక్కాలంటే మైళ్ళ కొద్దీ చుట్టు తిరగాలి. తిరగడానికి ఆ ఇరుకు లోయలో చోటు లేదు. కాబట్టి ఒక గట్టు నుంచి మరో గట్టుకు సమతలంగా దాటడం తప్ప దారి లేకపోయింది. వయాడక్టు అనే మాటకు అర్థం కూడా అదే. కింద నీరు ఉన్నా లేకున్నా, లోతట్టు నేల మీదుగా దారిని మోసుకుపోయే పొడవైన వంతెన అది.

రాతి కట్టడం గురించి మీరు అడిగింది సబబైన ప్రశ్న. అంతకు ముందు బ్రిటన్‌లో కట్టిన పెద్ద వయాడక్టులలో అధిక భాగం రాతి కమానులో ఇటుక కమానులో. అయితే ఎత్తు పెరిగేకొద్దీ రాతి స్తంభం మోయవలసిన బరువులో రైలు వాటా తగ్గిపోయి, దాని సొంత బరువు వాటాయే పెరుగుతుంది. 200 అడుగుల రాతి స్తంభం ముఖ్యంగా తనను తానే మోసుకుంటూ నిలబడుతుంది. దానికి తగిన పునాది, తగినంత మంది రాతి పనివారు, ఏళ్ళ తరబడి సమయం కావాలి. పైగా ఆ లోయలో గాలి జోరు ఎక్కువ. దట్టమైన గోడకు తగిలే గాలి, సందులున్న ఇనుప చట్రంలోంచి చాలావరకు దూసుకుపోతుంది. కంపెనీ ఇంజనీర్లు చార్లెస్ లిడెల్, లూయిస్ గోర్డన్ ఇనుము వైపు మొగ్గారు. కాంట్రాక్టు థామస్ కెన్నర్డ్‌కు దక్కింది. ఇక్కడ లోకరీతి కూడా కొంత పనిచేసిందని నా అనుమానం. కెన్నర్డ్ కుటుంబానికి దగ్గరలోని బ్లేనావన్ ఇనుప కర్మాగారంతోనూ, స్కాట్లండులోని ఫాల్కర్క్ పోత కర్మాగారంతోనూ సంబంధం ఉంది. వయాడక్టుకు కావలసిన చేత ఇనుము మొదటి చోటి నుంచి, పోత ఇనుము రెండవ చోటి నుంచి వచ్చాయి. ఇనుము అమ్మేవాడికి ఇనుప వంతెన నచ్చడంలో ఆశ్చర్యం లేదు కదా!

ప్రశ్న: పోత ఇనుము, చేత ఇనుము అని వేరు చేసి రాశారు. రెండూ ఇనుమే అయినప్పుడు ఒకే వంతెనలో రెండింటినీ ఎందుకు వాడాలి? — పాలిటెక్నిక్ విద్యార్థి, విజయవాడ

ఈ శీర్షికలో మిగిలిన జవాబులన్నిటికీ తాళపుచెవి మీ ప్రశ్నలోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇంట్లో దోసెలు పోసే బరువైన పోత ఇనుప పెనం చేయిజారి బండ మీద పడితే పెళ్ళున పగిలే ప్రమాదం ఉంది. అదే కమ్మరి సాగగొట్టి చేసిన పెనం పడితే అంచు వంగుతుంది, మళ్ళీ కొట్టి సరిచేసుకోవచ్చు. తేడా అంతా లోపలి కూర్పులో ఉంది. పోత ఇనుములో కార్బన్ నూటికి 2 నుంచి 4 పాళ్ళ వరకు ఉంటుంది. కరిగించి అచ్చులో పోస్తే కోరిన ఆకారం చవకగా వస్తుంది. నొక్కుడును అది అద్భుతంగా తట్టుకుంటుంది గాని, లాగినా వంచినా ముందస్తు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. చేత ఇనుములో కార్బన్ దాదాపు ఉండదు. కొలిమిలో కలియబెట్టి, సమ్మెటల కింద సాగగొట్టి, రోలర్ల మధ్య నడిపించి చేస్తారు కాబట్టి దాని లోపల చెక్కలో ఉన్నట్టు నార ఏర్పడుతుంది. లాగుడుకు అది బాగా ఆగుతుంది. అయితే తయారీకి శ్రమ ఎక్కువ కాబట్టి ధర కూడా ఎక్కువ.

అందువల్ల ఆనాటి ఇంజనీర్లు నొక్కుడు పడే చోట పోత ఇనుమును, లాగుడు పడే చోట చేత ఇనుమును పెట్టాలన్న సూత్రానికి వచ్చారు. ఆ సూత్రం పుస్తకాల నుంచి కాదు, ప్రమాదాల నుంచి పుట్టింది. 1847 మే 24న చెస్టర్ పట్టణం దగ్గర డీ నది మీద రాబర్ట్ స్టీఫెన్‌సన్ కట్టించిన వంతెన గర్డరు (రెండు ఆధారాల నడుమ దారిని మోసే పెద్ద దూలం), రైలు దాటుతుండగా విరిగిపోయి 5 మంది మరణించారు. అది మూడు పోత ఇనుప ముక్కలను కలిపి బిగించి, చేత ఇనుప కడ్డీలతో బలపరచిన గర్డరు. వంగినప్పుడు గర్డరు అడుగుభాగం సాగుతుంది, అంటే పోత ఇనుము మీద లాగుడు పడుతుంది. రైల్వే నిర్మాణాలలో ఇనుము వాడకంపై వెంటనే ఒక రాజ కమిషన్ వేశారు. ఆ తరువాత పొడవైన గర్డర్లకు పోత ఇనుమును వాడడానికి జంకు పుట్టింది. స్తంభాలకు మాత్రం దాని మీద నమ్మకం చెక్కుచెదరలేదు. నిట్టనిలువు స్తంభం మీద పడేది నొక్కుడే కదా అన్నది వారి ధీమా. ఆ ధీమా ఎంతవరకు సరైనదో కింద మరో జవాబులో చూస్తారు.

క్రమ్లిన్‌లో ఆ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. నిలువు గోపురాలకు బోలు పోత ఇనుప స్తంభాలు వాడారు. ఒక్కో గోపురంలో 14 స్తంభాలు, ఒక్కో స్తంభం వ్యాసం ఒక అడుగు. పైకి వెళ్ళేకొద్దీ దగ్గరయ్యేలా వాటిని ఏటవాలుగా అమర్చి, మధ్యలో అడ్డంగా, ఐమూలగా కట్లు వేశారు. ఆ గోపురాలను కలిపే గర్డర్లకు చేత ఇనుము వాడారు.

ప్రశ్న: ఛాయాచిత్రంలో గర్డరంతా త్రిభుజాల వరుసలాగే కనిపిస్తోంది. దాని వెనుక కారణమేమైనా ఉందా? — వెల్డింగ్ పనివాడు, గాజువాక

వెల్డింగ్ పనిలో ఉన్న మీకు చేతి అనుభవం ఉండే ఉంటుంది. నాలుగు కడ్డీలను మూలల దగ్గర ఒక్కొక్క బోల్టుతో చతురస్రంగా బిగించి పక్కనుంచి తోస్తే అది ఒరిగి సమాంతర చతుర్భుజమైపోతుంది. మూడు కడ్డీలను అలా బిగిస్తే, కడ్డీ ఏదైనా వంగడమో తెగడమో జరిగితే తప్ప ఆకారం మారదు. అటువంటి త్రిభుజాలను ఒకటి నిటారుగా ఒకటి తలకిందులుగా పేర్చుకుంటూ పోతే వారెన్ గర్డరు అవుతుంది. జేమ్స్ వారెన్ 1848లో విలోబీ మోంజానీతో కలిసి దీనికి పేటెంటు పొందారు. 1850ల ఆరంభంలో ఇంగ్లండులోని న్యూఆర్క్ దగ్గర ట్రెంట్ నది పాయ మీద రైలు వంతెనకు దీన్ని పెద్ద ఎత్తున వాడారు. క్రమ్లిన్ దాని తరువాతిది.

అంతకు కొద్దికాలం ముందే, 1850లో, ఉత్తర వేల్స్‌లో బ్రిటానియా వంతెన పూర్తయింది. రైలు లోపలి నుంచి వెళ్ళగలిగేంత పెద్ద ఇనుప గొట్టాలు దాని గర్డర్లు. గొప్ప సాహసమే గాని, ఎంత ఇనుము మింగిందో చెప్పలేం. ఏ రేకు మీద ఎంత బరువు పడుతుందో లెక్కగట్టడం కూడా నాటి గణితానికి కష్టమై, నమూనాలు చేసి బద్దలుకొట్టి చూడవలసి వచ్చింది. త్రిభుజాల గర్డరులో ఆ చిక్కు లేదు. ఏ కడ్డీ సాగుతుందో, ఏ కడ్డీ నొక్కుకుంటుందో, ఎంతెంత బలం పడుతుందో కాగితం మీదే తేలుతుంది. అవసరం లేని చోట ఇనుము పెట్టనక్కరలేదు. క్రమ్లిన్ గర్డర్ల పొడవు ఒక్కోటి 150 అడుగులు. అటువంటి 10 స్పాన్‌లలో (రెండు ఆధారాల మధ్య ఎడాలలో) ఏడు ప్రధాన లోయ మీద, మూడు పక్కనున్న కెండన్ లోయ మీద ఉండేవి. రెండింటి మధ్య ఒక కొండ కొమ్ము అడ్డుగా ఉండేది. మొత్తం పొడవు సుమారు 1,650 అడుగులు, ఎత్తు 200 అడుగులు. అంత ఎత్తైన రైలు వయాడక్టు బ్రిటన్‌లో ఆ తరువాత కూడా రాలేదు.

ఒక మాట కలుపుతాను. ఎండకు ఇనుము సాగుతుంది. 150 అడుగుల గర్డరు, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే సుమారు 16 మిల్లీమీటర్లు పొడవెక్కుతుంది. వినడానికి చిన్నదే గాని, ఆ కాస్త కదలికకు చోటివ్వకపోతే గర్డరు గోపురం తలను తోసేస్తుంది. అందుకే ఇటువంటి గర్డర్లకు ఒక చివర కదలడానికి వీలుండేలా ఆనిక ఏర్పాటు చేస్తారు.

ప్రశ్న: క్రేన్లు, విద్యుత్తు లేని కాలంలో 200 అడుగుల ఎత్తుకు ఇనుమును ఎలా చేర్చారు? కింది నుంచి పైదాకా సారువ కట్టారా? — విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట

కట్టలేదు. ఇనుప వయాడక్టులో ఉన్న పెద్ద సౌలభ్యమే అది. రాతి కమానుకు కింద కొయ్య చట్రం ఉండి తీరాలి. ఇనుప గోపురం మాత్రం తన భుజాల మీద తానే ఎక్కుతుంది. మొదటి అంచె స్తంభాలు నిలిపి, అడ్డకట్లు బిగించి, వాటికి పొడవైన దూలాన్ని కట్టి, దాని కొసనున్న కప్పీ మీదుగా తాడు వేసి రెండవ అంచె ముక్కలను లాగుతారు. రెండవ అంచె బిగిసిన తరువాత దూలాన్ని దాని మీదికి మార్చి మూడవదాన్ని లాగుతారు. తాటిచెట్టు ఎక్కే గీత పనివాడు మోకును మార్చుకుంటూ పైకి పోయినట్టే ఈ పని కూడా. క్రమ్లిన్‌లో మొదటి స్తంభాన్ని 1853 డిసెంబరులో వేడుకగా నిలిపారు. ఆ లాంఛనం జరిపిన ఇసబెల్లా ఫిట్జ్‌మారిస్ పేరుతోనే ఆ గోపురాన్ని ఇసబెల్లా అని పిలుచుకున్నారు. 1857 జూన్ 1న మార్గం ప్రారంభమైంది.

ఈ పద్ధతి పరాకాష్ఠను చూడాలంటే మాత్రం ఉత్తర ఇంగ్లండులోని బెలా వయాడక్టు దగ్గరకు వెళ్ళాలి. సౌత్ డరమ్ – లంకాషైర్ యూనియన్ రైల్వే కోసం థామస్ బౌచ్ రూపొందించిన నిర్మాణమది. ఎత్తు 196 అడుగులు, పొడవు 1,040 అడుగులు, 60 అడుగుల స్పాన్‌లు 16. ఆ రైల్వే ఒక వైపు డరమ్ కోకును (బొగ్గును కాల్చి తయారుచేసే ఇంధనాన్ని), తిరుగుదారిలో ఇనుప ఖనిజాన్ని మోసేది. బెలా గొప్పతనం దాని ఎత్తులో కంటే అతుకుల్లో ఉందంటాను. మిడిల్స్‌బరోలోని గిల్క్స్, విల్సన్ కంపెనీ స్తంభాల చివరలను, అవి కలిసే ముఖాలను యంత్రాల మీద కోసి నునుపు చేసి, కొలత తేడా లేకుండా కర్మాగారంలోనే సిద్ధం చేసింది. కొండ మీదికి చేరాక ఏ ముక్కనూ ఉలితో చెక్కడం గాని ఆకురాయితో రాయడం గాని అవసరం పడలేదు. పునాదులు సిద్ధమయ్యాక ఇనుప పని 43 రోజుల్లో నిలబడింది. మీ రైల్వే అనుభవంతో ఈ అంకెను తూచి చూడండి. నాకు మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ప్రశ్న: ఈ వయాడక్టులకు ఖర్చు ఎంతయింది? నేటి రూపాయలలో చెప్పగలరా? — పాఠకుడు, నిజామాబాదు

క్రమ్లిన్‌కు సుమారు 62,000 పౌండ్లు, ఇనుము దాదాపు 2,500 టన్నులు. బెలాకు 31,630 పౌండ్లు. నేటి రూపాయలలోకి మార్చి చెప్పమన్నారు గాని, అప్పటి కూలికి, ఇనుము ధరకు ఇప్పటి వాటితో పొంతన లేదు కాబట్టి అటువంటి లెక్క ఎటు తిప్పినా తప్పుదారి పట్టిస్తుంది.

ప్రశ్న: బెలా వయాడక్టు కట్టించిన థామస్ బౌచ్ కట్టించిన మరో వంతెన రైలుతో సహా కూలిపోయిందని చదివాను. ఒకే మనిషి, ఒకే రకం ఇనుప స్తంభాలు. ఒకటి వందేళ్ళు నిలిచి, మరొకటి రెండేళ్ళైనా నిలవకపోవడానికి కారణమేమిటి? — సివిల్ ఇంజనీరు, హైదరాబాదు

మీరు చెబుతున్నది స్కాట్లండులోని టే వంతెన గురించి. 1878 జూన్ 1న ప్రారంభమై, 1879 డిసెంబరు 28 రాత్రి తుపాను గాలిలో దాని ఎత్తైన మధ్యభాగం, ఆ సమయంలో దాన్ని దాటుతున్న రైలుతో సహా నదిలో పడిపోయింది. మరణాలు 75 అని ఆనాడు అంచనా వేశారు. పేర్లతో నిర్ధారణ అయినవి 59. రైలులో ఉన్నవారు ఒక్కరూ బతకలేదు.

మనిషి ఒకడే, పద్ధతి ఒకటే అన్నారు. అది పైపైకి కనిపించే పోలిక. లోపలికి వెళితే రెండూ వేరు. మొదటి పథకంలో టే స్తంభాలన్నీ ఇటుకవే. నది అడుగున గట్టి రాయి ఉందని తవ్వకాలు చెప్పిన చోట్ల అది పలుచని పొర మాత్రమేనని పని మొదలయ్యాక తేలింది. బరువు తగ్గించక తప్పలేదు. స్తంభాల సంఖ్య తగ్గించి, స్పాన్‌లను 245 అడుగుల దాకా పెంచి, ఇటుకల బదులు పోత ఇనుప గోపురాలు పెట్టారు. ఓడలు వెళ్ళే దారిలో ఉన్న 13 స్పాన్‌ల దగ్గర రైలు గర్డరు మీద కాకుండా గర్డర్ల నడుమ నుంచి వెళ్ళేది. అంటే గాలికి అడ్డం నిలిచే గర్డరూ రైలూ రెండూ గోపురం తల మీదే ఉన్నాయి. గోపురం పాదం మాత్రం బెలాలో ఉన్నంత వెడల్పుగా లేదు. కాళ్ళు దగ్గరగా పెట్టి నెత్తిన గడ్డిమోపు పెట్టుకున్న మనిషిని పక్కనుంచి తోస్తే ఏమవుతుందో ఊహించండి.

ఇంతకు ముందు చెప్పిన ధీమాలోని లోపం ఇక్కడ బయటపడింది. నిలువు స్తంభం మీద పడేది నొక్కుడే అన్నది గాలి వీచనంత వరకే నిజం. పక్కగాలి తోసినప్పుడు గోపురాన్ని నిలబెట్టేవి స్తంభాల మధ్య ఐమూలగా వేసిన చేత ఇనుప పట్టీలు. వాటి మీద పడేది లాగుడు. ఆ పట్టీలను స్తంభానికి పట్టి ఉంచేవి చెవుల్లాంటి చిన్న పొడుచుకొచ్చిన భాగాలు. ఆ చెవులు స్తంభంతో పాటే అచ్చులో పోసినవి, అంటే పోత ఇనుము. ఏ లోహాన్ని లాగుడుకు దూరంగా ఉంచాలని డీ వంతెన ప్రమాదం నేర్పిందో, సరిగ్గా దాని మీదే లాగుడంతా వచ్చి పడింది. ఆ చెవులకు రంధ్రాలను బరమా పెట్టి తొలచకుండా పోతలోనే వదిలారు. అచ్చు సులువుగా ఊడిరావడానికి వాటిని ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా చేశారు. దానితో బోల్టు రంధ్రమంతా ఆనకుండా ఒక అంచు మీదే ఆనేది. విచారణ సమయంలో డేవిడ్ కిర్కాల్డీ లండనులోని తన పరీక్షాశాలలో ఆ చెవులను లాగి చూస్తే, లెక్క ప్రకారం ఉండవలసిన బలంలో సగం కూడా నిలవలేదు.

పోతల నాణ్యత మరొక కథ. నది ఒడ్డునే వార్మిట్ దగ్గర తాత్కాలికంగా పెట్టిన పోత కర్మాగారంలో తయారైన స్తంభాలలో గాలి బుడగల గుంటలు ఉండేవి. వాటిని తేనెమైనం, ఫిడేలు వాద్యకారులు వాడే గుగ్గిలం, ఇనుప రజను, దీపపు మసి కలిపిన ముద్దతో పూడ్చి, నునుపు చేసి కప్పిపెట్టారని విచారణలో సాక్ష్యం వచ్చింది. ఆ ముద్దకు పనివాళ్ళు బోమాంట్ గుడ్డు అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారట. గిల్క్స్ భాగస్వామ్యమున్న కంపెనీయే ఈ వంతెననూ కట్టింది. అదే మనిషి చేతిలో ఒకచోట ఉలి తగలనక్కరలేని పని, మరొకచోట మైనం పూత!

ఆపై నిర్వహణ. వంతెన తనిఖీకి పెట్టిన హెన్రీ నోబుల్ ఇటుక పని తెలిసిన మనిషి, ఇనుము ఆయన విద్య కాదు. పట్టీలు వదులై గలగలమంటుంటే, పైవారికి చెప్పకుండా సందుల్లో ఇనుప ముక్కలు దూర్చి శబ్దం ఆపాడు. ఆయన శ్రద్ధలో లోపం లేదు. పట్టీ వదులైందంటే గోపురం అప్పటికే కొంత ఒరిగిందని, ఆ స్థితిలోనే దాన్ని బిగించేస్తున్నామని ఆయనకు తెలియదు. చెప్పేవారూ లేరు. ప్రారంభానికి ముందు పరీక్షించిన ప్రభుత్వ తనిఖీ అధికారి హచిన్సన్ బరువైన ఇంజన్లను నడిపించి తృప్తి పడ్డారు. పెద్ద గాలిలో రైలు వెళ్ళేటప్పుడు చూడాలని ఉందని తన నివేదికలో రాశారు గాని, ఆ పరీక్ష జరగనే లేదు.

రాథరీ, బార్లో, యోలండ్‌లతో కూడిన విచారణ సంఘంలో, రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ మూడింటిలోనూ లోపాలున్నాయని, ప్రధాన బాధ్యత బౌచ్‌దేనని రాథరీ తన నివేదికలో ఖరాఖండిగా చెప్పారు. కూలడానికి ఆరు నెలల ముందు అదే వంతెన మీదుగా ప్రయాణించిన విక్టోరియా రాణి నుంచి సర్ బిరుదు పొందిన బౌచ్, 1880 అక్టోబరులో కన్నుమూశారు. ఫోర్త్ నదికి ఆయన గీసిన వేలాడే వంతెన పథకం ఆగిపోయింది. ఆ తరువాత చదరపు అడుగుకు 56 పౌండ్ల గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోవాలని బ్రిటన్‌లో నియమం వచ్చింది. గాలి ఒత్తిడికి ప్రత్యేకంగా లెక్క కట్టలేదని విచారణలో ఒప్పుకున్న మనిషి వంతెన కూలాక వచ్చిన నియమమిది. ఫోర్త్ మీద ఫౌలర్, బేకర్ 1890లో పూర్తిచేసిన ఉక్కు వంతెన అంత బలిష్ఠంగా కనిపించడానికి ఈ చరిత్రే కారణం.

బెలా విషయానికొస్తే, దాని పాదం వెడల్పు, స్పాన్‌లు చిన్నవి, అతుకులు యంత్రం మీద తేల్చినవి, వేగానికీ ఇంజన్ల బరువుకూ పరిమితులు ఉండేవి. విచారణలో కూడా రెండింటినీ పోల్చి చూశారు.

ప్రశ్న: మా గోదావరి పాత వంతెన కూడా విక్టోరియా కాలానిదే కదా! దానినీ క్రమ్లిన్ కోవలో చెప్పుకోవచ్చా? — గృహిణి, రాజమహేంద్రవరం

కాలం అదే. 1897లో మొదలై 1900 ఆగస్టులో రైళ్ళకు తెరుచుకున్న హేవలాక్ వంతెన, రాణి పాలన చివరి అంకంలో పుట్టింది. యాదృచ్ఛికమే గాని చెప్పుకోదగ్గ పోలిక ఒకటుంది. క్రమ్లిన్‌లో ఒక్కో స్పాన్ 150 అడుగులు, హేవలాక్‌లోనూ అంతే. అక్కడ 10, ఇక్కడ 56.

అయితే కోవ వేరు. క్రమ్లిన్ ఇంజనీరును వేధించిన సమస్య ఎత్తు. గోదావరి ఇంజనీరును వేధించింది ఇసుక, వరద. అక్కడ పునాది కింద రాయి ఉంది, పైన గాలి ఉంది. ఇక్కడ పైన పెద్ద ఎత్తు అవసరం లేదు గాని, వరద వేగానికి నది తన అడుగు ఇసుకనే తవ్వుకుపోతుంది. అందుకని బావులను నది అడుగున లోతుగా దింపి, వాటి మీద రాతి స్తంభాలు లేపారు. ఇంటి పెరట్లో ఒరలు దించి బావి తవ్వించినవారికి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. లోపలి ఇసుక తోడేకొద్దీ ఒర తన బరువుతోనే కిందికి దిగుతుంది. మన దేశపు నదులకు ఇంగ్లండు పద్ధతులు సరిపోవని, ఈ బావి విద్యను ఇక్కడే నేర్చుకుని పెద్ద వంతెనలకు వాడవలసి వచ్చిందని ఆనాటి రైల్వే ఇంజనీర్లు గ్రహించారు. గోదావరి పని నడిపించిన గ్రాన్‌విల్ వాల్టన్ అంతకు ముందు కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన పనిలో ఆ విద్యలో ఆరితేరినవారే. ఇక గర్డర్ల విషయానికి వస్తే, 1890ల నాటికి ఉక్కు చవకై చేత ఇనుమును పక్కకు నెట్టేసింది. మీ వంతెన గర్డర్లు ఉక్కువి. బ్రిటన్‌లో వంతెనలకు ఉక్కు వాడడానికి ప్రభుత్వ అనుమతి వచ్చిందే 1877లో కాబట్టి, క్రమ్లిన్ వారికి ఆ అవకాశమే లేదు.

ప్రశ్న: నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. సెలవుల్లో వెళ్ళి క్రమ్లిన్ చూడవచ్చా? — ప్రవాస పాఠకుడు

క్రమ్లిన్‌లో చివరల రాతి కట్టడాలు తప్ప మరేమీ మిగలలేదు. ఇంజన్ల బరువు పెరిగేకొద్దీ వయాడక్టుకు ఆంక్షలు పెరిగాయి. రెండు వరుసల పట్టాలను ఒకటి చేశారు, రైళ్ళు నెమ్మదిగా పాకవలసి వచ్చేది. 1964 జూన్‌లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. తరువాత ఒక హాలీవుడ్ చిత్రం షూటింగు జరిగింది. ఆపై దాన్ని విప్పేశారు. 1967 నాటికి లోయ ఖాళీ అయింది. బెలా అంతకంటే ముందే, 1963లో పోయింది. పోత ఇనుప గోపురాల మీద నిలిచిన ఆ రెండు మహా నిర్మాణాలనూ ఇప్పుడు చిత్రాలలోనే చూడాలి.

మీరు నిరాశపడనక్కరలేదు. మీ ఊరికి ఎక్కువ దూరం కాని డెర్బీషైర్ – నాటింగమ్‌షైర్ సరిహద్దులో, ఎరెవాష్ లోయ మీద బెన్నర్లీ వయాడక్టు నిలిచి ఉంది. పొడవు 1,452 అడుగులు, ఎత్తు 60 అడుగుల పైచిలుకు మాత్రమే. 1870ల చివర గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం కట్టారు. అక్కడ ఇనుము ఎంచుకోవడానికి కారణం ఎత్తు కాదు. కింద పాత బొగ్గు గనుల తవ్వకాలు ఉండడం వల్ల నేల కుంగే ప్రమాదముంది, ఇటుక కమానుల బరువుకు అది ఆగదు. దాని గర్డర్లూ స్తంభాలూ అన్నీ చేత ఇనుమే. 1968లో రైళ్ళు ఆగిన తరువాత దాన్ని కూల్చాలనుకున్నారు గాని, ఒక్కొక్క ముక్కగా విప్పవలసి రావడంతో ఆ ఖర్చుకు ఎవరూ ముందుకు రాలేదు. అలా దశాబ్దాల తరబడి అనాథగా నిలిచి, స్థానికుల పట్టుదలతో బాగుపడి, 2022 జనవరిలో నడిచేవారికీ సైకిళ్ళకూ తెరుచుకుంది. డెవన్ వైపు వెళ్ళే పని ఉంటే ఓక్‌హాంప్టన్ దగ్గర మెల్డన్ వయాడక్టు మీద కూడా నడవవచ్చు. ఆ కాలపు ఇనుప రైలు వయాడక్టులలో ఈ రకానివి బ్రిటన్‌లో మిగిలినవి ఈ రెండే. బెన్నర్లీకి వెళితే గర్డర్ల మీదుగా తల తిప్పుకుని దృశ్యం చూడడంతో ఆగకుండా, కిందికి దిగి స్తంభాల దగ్గర రివెట్ల వరుసలు చూసి రండి. వీలైతే అతుకుల దగ్గర ఫొటోలు తీసి మాకు పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.